కోలా కాయ తిన్న నోరు

నపారి చేతిలో ఉన్నది తుపాకే. కాదని మేమెవరం అనలేదు. అందులో గుండు లేదు, వట్టి మందే. మా ఉత్తర ఘనాలో పెద్దమనిషి పోతే నాటు తుపాకులు ఆకాశంలోకి పేల్చి సాగనంపుతాం. ముసలి వుంబే పోతే మనవడు నపారి అలాగే సాగనంపుతుంటే, సైనికులు లారీ దిగుతూనే కాల్చారు. పిల్లాడు మా కళ్ల ముందే కూలిపోయాడు. శవాన్ని లారీలో వేసుకుని శిబిరానికి పట్టుకుపోయారు.

పక్క పట్నంలో గొడవలని, మా రక్షణకేనని శిబిరం వేసిన సైన్యమది. మా ఓట్లతో వచ్చిన ప్రభుత్వం పంపిందని నమ్మి పెండలం దుంపలు మోసుకెళ్లి పెట్టాం. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకమని తెలియలేదు.

చావు కబురు, వక్కలా నమిలే కోలా కాయలిచ్చి చెప్పడం మా ఆచారం. కాయ తీసుకున్నవాడు కబురు విన్నట్టే. నపారి తల్లి సనాతు ముందురోజు తనే శిబిరానికి వెళ్లి కాయలిచ్చి, రేపు తుపాకులు మోగుతాయని చెప్పింది. కెప్టెన్ నములుతూ తలూపాడు.

అదే కెప్టెన్ రేడియోలో, ముష్కరుణ్ణి మట్టుబెట్టామన్నాడు. సిగ్గులేని నోరు. కొడుకే ముందు కాల్చాడని తల్లి రేడియోలో ఒప్పుకుంటేనే శవం ఇస్తానన్నాడు.

సంతలో జనం పోగయ్యారు. కుర్రాళ్లు శిబిరం తగలబెడదామన్నారు. వాడికి కావలసిందీ అదేనని, అప్పుడు ఊరంతా ముష్కరులమవుతామని పెద్దలు కసిరారు. ఆ మాటేదో అనేస్తే శవమైనా దక్కుతుందని ఊరిపెద్ద నసిగాడు.

సనాతు లేచింది. "నా కొడుకుని నా నోటితో మళ్లీ చంపమంటావా అయ్యా? రోళ్లు ఎత్తండే. వాళ్లకి తుపాకీ చప్పుడంటే కదా భయం. రోకటి చప్పుడుకేం చేస్తారో చూద్దాం."

మర్నాడు పొద్దున్నే ఆడవాళ్లంతా చెక్క రోళ్లు నెత్తిన పెట్టుకుని శిబిరం గేటు ముందు దించారు. ఉత్త రోళ్లలో దంచారు. తుపాకుల బదులు నపారికి మేం చేసిన మర్యాద అదే. చప్పుడు విని పొరుగూళ్లవాళ్లూ రోళ్లతో వచ్చారు. మగవాళ్లం వెనక నిలబడ్డాం.

కెప్టెన్ బయటికొచ్చి పొమ్మని అరిచాడు. సనాతు బట్ట ముడి విప్పి ఒక కోలా కాయ చూపించింది.

"గుర్తుందా నాయనా? నా చేతి కాయ తిన్నావు. ఆ నోటితోనే నిజం చెప్పు."

అతను కాయ వైపు చూడలేదు. ఆమెను లారీ ఎక్కించమన్నాడు. మా ప్రాంతపు సైనికుడొకడు తల దించుకుని కదలకుండా నిలబడ్డాడు. మరో ఇద్దరు ఎక్కించారు. ఎక్కుతూ ఆమె తన రోకలిని కోడలు అజారాకి అందించింది.

లారీ కదలబోతే దారి నిండా రోళ్లే. అది ఇంకా గేటు దాటలేదు. రేడియోవాళ్లకి కబురంపాం. కెప్టెన్ వాళ్ల ముందు నోరు విప్పేదాకా దంచుతూనే ఉంటాం.