గిరిబాబు ఓటమి మీద ఎంక్వయిరీ

గిరిబాబంత అందంగా కిందపడేవాడు ఖరగ్‌పూర్‌లోనే కాదు, టాటానగర్ దాకా వెతికినా దొరకడు. పడటంలో అందమేమిటని నవ్వకండి. విల్‌ఫ్రెడ్ నడిపే కుస్తీ షోలో ఎవరు గెలవాలో, ఎవరు ఓడాలో ముందే అనుకుంటారు. పట్లు నిజం, దెబ్బలు సగం నిజం, పడటం మాత్రం పూర్తిగా నిజం. చెక్కబల్లల మీద పల్చటి పరుపు పరిచి, పైన గుడ్డ బిగించి కడతారు. తలకెత్తి విసిరేస్తే దాని మీద పడి నడుం విరక్కుండా లేవాలి. చూసేవాళ్ళకి మాత్రం విరిగిందనే అనిపించాలి. ఆ విద్య గిరిబాబుకి పుట్టుకతో వచ్చింది.

వచ్చింది గానీ, అదే అతని కొంప ముంచింది. కొత్త కుర్రాడెవడు చేరినా విల్‌ఫ్రెడ్ ముందు గిరిబాబుకే అప్పగించేవాడు. వాడు చిటికెనవేలితో తోసినా గిరిబాబు లారీ గుద్దినట్టు పడేవాడు. జనం ఆ కుర్రాణ్ణి చూసి అమ్మో అనేవారు. వాడికి పేరొచ్చేది, ఆనక బెల్టొచ్చేది. గిరిబాబుకి నడుంనొప్పొచ్చేది.

ఇప్పుడు మోకాళ్ళు కూడా మొరాయిస్తున్నాయి. మహా అయితే ఇంకో ఏడాది. ఆ లోపల ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఛాంపియన్ బెల్టు నడుముకి కట్టుకుని అమ్మకి కనిపించాలని అతని కోరిక. అమ్మ లక్ష్మీకాంతం ఇన్నేళ్ళలో ఒక్క షోకీ రాలేదు. రమ్మంటే, "కన్నకొడుకు తన్నులు తింటంటే సూడ్డానికి టిక్కెట్టొకటా?" అనేది.

ఈ ఏడు ఖరగ్‌పూర్‌లోనే, నింపురా పేటలో, మాతాపూజ పండక్కి షో పెట్టారు. సొంత ఊరు, సొంత జనం. విల్‌ఫ్రెడ్ తనంత తనే, "ఈసారి బెల్టు నీదే గిరీ, మీ అమ్మని తీసుకురా" అన్నాడు. గిరిబాబు ఆ రోజు మలంచాలో ఇంటిదాకా సైకిలు మీద ఈల వేసుకుంటూ వెళ్ళాడు.

"అమ్మా, ఈసారి నాను గెలుస్తానే."

"ఆట ఆడకముందే నీకెలా తెల్సురా?"

"మనసుకి తెలుస్తంది."

ఆవిడ వాడి మొహం కాసేపు చూసి, పెట్టెలోంచి నేరేడుపండు రంగు పట్టుచీర తీసి ఎండలో వేసింది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడూ విల్‌ఫ్రెడే, పూజారీ విల్‌ఫ్రెడే. షో సాయంత్రం గిరిబాబు తెర వెనక బూట్ల తాళ్ళు బిగించుకుంటుంటే మెడ గోక్కుంటూ వచ్చి నిలబడ్డాడు.

"గిరీ, కోప్పడకు. మన వినోద్‌ని ఫోన్లో సూసి మేదినీపూర్ నుంచి కుర్రోళ్ళు బళ్ళేసుకుని వచ్చినారు. ఆడు ఓడిపోతే రేపట్నుంచి మన షోకెవుడొస్తాడు?"

"దాదా, మాయమ్మ ముందర వరసలో కూకుంది."

"తెల్సురా. ఏటి సెయ్యమంటావు? ఇంకెవుడైనా అయితే ఆట సెడగొట్టేస్తాడు. నువ్వు సెడగొట్టవు."

గిరిబాబుకి ఒళ్ళు మండిపోయింది. పనిమంతుడికి దొరికే బహుమానం ఇంకాస్త పని, అంతేనా? తాళ్ళు విప్పేసి ఇంటికి పోదామనుకున్నాడు, సగం విప్పాడు కూడా. అంతలో వినోద్ వచ్చాడు. సినిమా హీరోలాంటి మొహం, ఇంతింత కండలు, ఆ కండల మీద ఛాంపియన్ బెల్టు. కానీ పెదాలు తడారిపోయి ఉన్నాయి.

"అన్నా, నిన్న ప్రాక్టీసులో నిన్నెత్తినప్పుడు సెయ్యి జారింది. ఇయ్యాల కూడా జారితే?"

జారితే గిరిబాబు మెడ విరుగుతుంది. ఇంకెవడినైనా ఎత్తితే వాడి మెడ విరుగుతుంది.

"నువ్వు ఎత్తినట్టు సెయ్యి సాలు. ఎగరడం నాను ఎగుర్తాను" అని గిరిబాబు మళ్ళీ తాళ్ళు బిగించుకున్నాడు.

ఆ ఆట చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. వినోద్ ఎత్తి కుదేస్తే బరి అదిరింది. రిఫరీ జాకబ్ మోకాళ్ళ మీద వంగి, గిరిబాబు భుజాలు నేలకి ఆని ఉన్నాయో లేదో చూసి, అరచేత్తో కొడుతూ లెక్కపెట్టాడు. మూడు దెబ్బలు పడేలోగా భుజం లేపితే ఆట ఉన్నట్టు, లేకపోతే పోయినట్టు. రెండు దగ్గర లేపాడు గిరిబాబు. జనం ఊపిరి పీల్చుకున్నారు. మళ్ళీ పడ్డాడు, మళ్ళీ రెండు దగ్గర లేచాడు. ఆఖరుసారి గాల్లో తిరిగి పడ్డాడు చూడండీ, ముందు వరసలో లక్ష్మీకాంతం పక్కన కూర్చున్న పొరుగింటి పోలమ్మ కళ్ళు మూసేసుకుంది. జాకబ్ ఒకటన్నాడు, రెండన్నాడు, మూడన్నాడు. మూడో దెబ్బ పడ్డ రెప్పపాటుకి గిరిబాబు భుజం పైకి లేచింది. అది అతని సొంత తెలివి. ఓడినవాడు కొద్దిలో తప్పిపోయాడనిపిస్తే జనం మళ్ళీ వస్తారు. ఈసారి తెలివి కాస్త ఎక్కువైంది.

"నా కొడుకు బుజం లేపినాడు!" లక్ష్మీకాంతం కేక మైకుని మించిపోయింది. "ఓలమ్మో, ఆ కళ్ళజోడోడు సూడకుండా లెక్కెట్టేసినాడు!"

ఇక చూడాలి. కూర్చున్నవాళ్ళలో సగంమంది రైల్వే వర్క్‌షాపు మనుషులు, వాళ్ళ పెళ్ళాం పిల్లలూ. అన్యాయమన్న మాట చెవిన పడితే వీళ్ళు చెయ్యిచేసుకోరు, అలాగని ఇంటికీ పోరు. చుట్టూ చేరి ఘెరావ్ చేస్తారు. క్షణంలో బరి చుట్టూ మనుషులు గోడ కట్టేశారు. "నహీ చలేగా" అని నినాదాలు మొదలయ్యాయి. విల్‌ఫ్రెడ్ వెళ్ళి గిరిబాబు వెనక నక్కాడు.

యూనియన్లో తల నెరిసిన రిటైర్డు ఫిట్టరు వెంకటరావు బరి చుట్టూ కట్టిన తాళ్ళ మధ్యనుంచి దూరి లోపలికి ఎక్కాడు.

"మారామారీ లేదు, కొట్లాట లేదు. ఎంక్వయిరీ జరగాల! వర్క్‌షాపులో ఎంక్వయిరీ లేకుండా ఎవుడికైనా శిక్ష ఏసినారా? ఇక్కడా అంతే. కుర్సీ తెండి."

కుర్చీ వచ్చింది. ఆయన కూర్చున్నాడు. ముందు జాకబ్‌ని పిలిచాడు. ఇది ముందే అనుకున్న ఆట అని చెబితే షో మూత, చెప్పకపోతే తన్నులు. పాపం జాకబ్ కళ్ళజోడు తుడుచుకుంటూనే ఉండిపోయాడు. తరవాత పోలమ్మ వచ్చింది.

"నాను సూసినాను బాబూ, ఈ రెండు కళ్ళతోటీ."

"బుజం ఎంత ఎత్తు లేసింది?"

"అదేటో తెల్దు. బయమేసి కళ్ళు మూసీసినాను. లచ్చింకాంతం సెప్పింది."

జనం ఘొల్లుమన్నారు. వెంకటరావు చెయ్యెత్తి వాళ్ళని ఆపి, గిరిబాబు వైపు తిరిగాడు.

"నువ్వు సెప్పు. బుజం లేపినావా, లేదా?"

వెనకనుంచి విల్‌ఫ్రెడ్ గుసగుస వినబడింది. "లేపినానని సెప్పీరా బాబూ. బెల్టు నీకే ఇచ్చేస్తాను. బతికి బట్టకడదాం."

ఎదురుగా అమ్మ, పట్టుచీర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. భుజం లేపడం అబద్ధమా? లేపాడు. ఎప్పుడు లేపాడని ఎవరూ అడగలేదు.

"లేపినాను" అన్నాడు.

హోరెత్తిపోయింది. వినోదే బెల్టు విప్పి గిరిబాబు నడుముకి కట్టాడు. డప్పులు మోగాయి. గిరిబాబు రెండు చేతులూ పైకెత్తాడు.

"న్యాయం జరిగింది. పదండి" అన్నాడు వెంకటరావు.

పదండంటే పదండే. గెలిచిన ధర్నా తరవాత ఎవరైనా అక్కడ ఎందుకుంటారు? సగంమంది పులిహోర ప్రసాదం వరస వైపు నడిచారు. టెంటువాళ్ళు కుర్చీలు మడవడం మొదలెట్టారు. మేదినీపూర్ కుర్రాళ్ళు ఓడిపోయిన వినోద్ చుట్టూ చేరి సెల్ఫీలు దిగుతున్నారు. వాడు కన్ను కొడితే ఈలలు, చెయ్యి తిప్పితే ఈలలు. గిరిబాబు మాత్రం చేతులెత్తి అలాగే ఉన్నాడు. పడటం వచ్చు, పడి లేవడం వచ్చు, గెలిచి నిలబడ్డాక ఏం చెయ్యాలో తెలియలేదు. చేతులు లాగుతుంటే దించేశాడు.

అమ్మని టోటో ఎక్కించుకుని మలంచా బయల్దేరాడు. బ్యాటరీ బండి గతుకుల్లో ఎగిరినప్పుడల్లా బెల్టు కడుపులో పొడుస్తోంది.

"ఎలాగుందే అమ్మా?" అన్నాడు చివరికి.

"ఆడు నిన్నెత్తి కొట్టినప్పుడు నా పేణం పోనాదిరా. మీ నాన పోనప్పుడు కూడా అంత కేకెయ్యలేదు నాను. ఊరు ఊరంతా లేసిపోనాది నీ కోసం."

"మరి బెల్టు కట్టినప్పుడో?"

"ఏటో... తోడిపెళ్ళికొడుకునాగ నిలబడిపోనావు."

గిరిబాబు నవ్వాడు. ఇన్నేళ్ళూ విల్‌ఫ్రెడ్‌ని తిట్టుకున్నాడు గానీ, గెలుపు తనకి నప్పదన్న మాట తనకి తనే ఎప్పుడూ చెప్పుకోలేదు.

"అమ్మా, బుజం లేపింది మూడు లెక్కెట్టినాకే."

"తెల్సు."

"తెల్సా?"

"ముందర వరసలో కూకున్నాను కదరా. నాకేటి సత్వారమా?"

"మరి అలా అరిసినావేటే?"

"కొడుకు పడిపోతే అరవనేటి?"

ఫోను మోగింది. విల్‌ఫ్రెడ్. గిరిబాబు ఊఁ కొడుతూ విని, పెట్టేశాడు.

"బాలాసోర్‌లో షో అంటమ్మా. బెల్టు మళ్ళీ వినోద్‌కి ఇచ్చెయ్యాల. ఇయ్యాల పడినట్టే పడమంటన్నారు."

ఈసారి ఆటకి ముందే ఎలా తెలుసని ఆవిడ అడగలేదు. వాడి నడుము దగ్గర బెల్టు మెలిపడితే సరిచేసింది.

"అయితే నాను కూడా వస్తాను."

"ఓడిపోతానే, అమ్మా."

"అందుకేరా. బాలాసోర్‌లో నీ కోసం అరవడానికి ఎవుడున్నాడు?"