ఆయన చక్కెర మానేసిన కథ

చక్కెర స్పూను నింపి, కత్తి వెనక వైపుతో పైన చదును చేసి, అందులోంచి చిటికెడు తిరిగి డబ్బాలో పోసేయడంతో ఆమె సోమవారాలు మొదలయ్యేవి. ఎనిమిది నెలల కిందట డాక్టరు చక్కెర మానేయమంటే, "మూడు స్పూన్లు లేకపోతే టీ నా గొంతు దిగదు. పోతే పోతాను" అని భర్త కుర్చీలో కూలబడ్డాడు. ఆసుపత్రి ల్యాబులో రోజూ వందమంది రక్తం పరీక్ష చేసే ఆమెకు, పోవడమంటే ఎలా ఉంటుందో తెలుసు. ఆయనకు తెలియకుండా, వారానికింత చొప్పున తగ్గిస్తూ వచ్చింది. ఎప్పుడైనా చెయ్యి తొందరపడితే, "ఇదేం టీ, కషాయమా? నీ ధ్యాసంతా ఆ ల్యాబు మీదే" అని కప్పు నెట్టేసేవాడు. మర్నాడు పాత కొలతకే వెళ్ళి ఇంకో రెండు వారాలు ఆగేది. చివరికి స్పూనుతో పని లేకుండా పోయింది. ఆ సంగతి చెబితే ఆయన మొదట నమ్మలేదు, తర్వాత నవ్వాడు. వారం తిరిగేసరికి అది ఆయన ఘనకార్యమైపోయింది.

ఆదివారం ఆడపడుచూ, ఆవిడ భర్తా వచ్చారు. ఆమె వంటింట్లో టీ పెడుతూ ఫోను చేతిలో పట్టుకుని నిలబడింది. ల్యాబుకొచ్చే కొత్త మెషీను మీద మూడు నెలల ట్రైనింగు, వేరే ఊళ్ళో. నేర్చుకుని వచ్చినవాళ్ళదే ఇకపై ఆ విభాగం. పదహారేళ్ళుగా ఎదురుచూసిన అవకాశం. సాయంత్రంలోగా జవాబివ్వాలి. ఈయన టీ ఎవరు చూస్తారని, 'ఇంటి పరిస్థితుల వల్ల రాలేను' అని రాసి పెట్టుకుంది. పంపడమే తరువాయి.

"మనసు గట్టిగా ఉండాలి బావగారూ! అనుకున్నాను, మానేశాను. ఒకళ్ళ సాయం లేదు" అంటున్నాడు హాల్లో భర్త.

"మా అన్నయ్య అంతే, పట్టు పడితే వదలడు" అని మురిసిపోయింది ఆడపడుచు.

ఆమెకు ఒళ్ళు మండింది. మంట కాస్త చల్లారాక, 'ఒకళ్ళ సాయం లేదు' అన్న ఆ మాట తనకే పనికొస్తుందని తోచింది. రాసిందంతా చెరిపేసి 'వస్తున్నాను' అని పంపి, టీలు పట్టుకుని వెళ్ళింది.

"నిజమే వదినా, ఆయన గురించి ఇంక బెంగ లేదు. ఎల్లుండి ట్రైనింగుకి వెళ్తున్నాను. మూడు నెలలు."

"వెళ్ళిరా వదినా! అన్నయ్యకేం, ఎవరి సాయమూ అక్కర్లేదుగా" అంది ఆడపడుచు. వాళ్ళ ముందు కాదనలేక ఆయన టీ కప్పు అందుకున్నాడు. వాళ్ళు గుమ్మం దాటగానే ఆమె వెనకాలే గదిలోకి వచ్చాడు.

"మరి నా టీ?"

"ముందు నీళ్ళు మరగాలి" అంది ఆమె, అటక మీది సూట్‌కేసు దించడానికి స్టూలు ఎక్కుతూ.