పావు సెకను వెనక

నేను ఒక అగ్గిపెట్టెంత నల్ల డబ్బాని. పేరు బ్లూటూత్ రిసీవర్. ఆ పేరుకి తగ్గ ఒడ్డూపొడుగూ లేకపోవడంతో, నన్ను కొన్నవాళ్ళు అట్టపెట్టెలో ఇంకేమైనా మిగిలిందేమోనని మరోసారి దులిపి చూస్తారు. నా చదువల్లా ఒక్కటే. ఫోనులో పాటని గాలిలోంచి అందుకుని, తీగతో తగిలించిన యాంప్లిఫయర్‌కి అప్పజెప్పడం. ఫోను పాటని ముక్కలు చేసి విసురుతుంది. నేను వాటిని ఏరి, వరసలో పెట్టి, కుట్టి పంపేసరికి పావు సెకను పడుతుంది. మా జాతిలో ఖరీదైనవాళ్ళు ఇంకా చురుగ్గా ఉంటారట. నన్ను తయారుచేసినవాళ్ళు నామీద అంత ఆశ పెట్టుకోలేదు.

నా మొదటి కాపురం విజయనగరంలో సుగుణ నడిపే బ్యూటీపార్లర్‌లో. అక్కడ నాకు మంచి పేరుండేది. ఎందుకుండదు? వచ్చినవాళ్ళు మొహానికి పూత పూయించుకుని, కళ్ళమీద కీరదోస చక్రాలు పెట్టుకుని పడుకునేవారు. పాట వినేవాళ్ళే గాని తెర చూసేవాళ్ళు లేరు. నేను ఆలస్యమని వాళ్ళకి తెలియదు, నిజం చెప్పొద్దూ, నాకూ తెలియదు. రెండేళ్ళు పోయాక సుగుణ కొత్త స్పీకరు కొనుక్కుని, జుట్టుకి రంగు వేయించుకోడానికి వచ్చిన నూకరత్నమ్మగారి చేతిలో నన్ను పెట్టింది. "మాస్టారికి పనికొస్తాదేమో, పట్టుకెళ్ళండి పిన్నిగారూ" అంది.

మాస్టారంటే ఆవిడ భర్త ధనుంజయరావుగారు. నలభై ఏళ్ళుగా పాట చెబుతున్నారు. వాళ్ళ ముందుగదిలో టేకు పెట్టెలో ఒక పాత యాంప్లిఫయరూ, చెరో పక్కన బీరువాల్లాంటి స్పీకర్లూ ఉన్నాయి. ఆ యాంప్లిఫయర్ పెద్దమనిషి వీపు వెనక నన్ను దూర్చారు. ఫోనులో ఏం విన్నా దోమ పాడినట్టుందని విసుక్కునే మాస్టారు, ఆ పూట తంబురా నాదం గదినిండా పరుచుకునేసరికి కళ్ళు తుడుచుకున్నారు. నేను ఉబ్బిపోయాను. ఆ గొప్పతనం యాంప్లిఫయర్‌దని నాకు తోచలేదు.

మాస్టారికి వాసంతి అని ఒక శిష్యురాలు. పార్వతీపురంలో బడిపంతులమ్మ. ఆయన దగ్గర తొమ్మిదేళ్ళు నేర్చుకుంది. ఊళ్ళో సంగీత సభవాళ్ళు ఏటా ఒక కొత్త గొంతుకి అరగంట ఇస్తారు. ఆ పేరు చెప్పే పెద్దరికం మాస్టారిది. ఈ ఏడు వాసంతి అని ఆయన మనసులో ఎప్పుడో అనుకున్నారు, ఆ పిల్లకీ చెప్పారు. సెలవు దొరక్క ఆమె ఇంట్లో పాడి, ఫోనులో వీడియో తీసి పంపించడం మొదలుపెట్టింది. నా పాపం పండింది అక్కడే.

పాడేటప్పుడు వాసంతి తొడమీద చేత్తో, చప్పుడు లేకుండా, తాళం వేసుకుంటుంది. మాస్టారు శిష్యుల మొహం చూడరు, ఆ చెయ్యే చూస్తారు. తెరమీద చెయ్యి వేళకి పడేది. గొంతు మాత్రం నా చేతుల మీదుగా తాపీగా వచ్చేది. మాస్టారు ఫోను చేసి, "ఏటమ్మా, తాళం వేస్తన్నావా, ఈగల్ని తోలుతన్నావా? పాట వెనకబడిపోతన్నాది. కాస్త ముందు అందుకో" అన్నారు.

ఆడలేక మద్దెల ఓడు అంటారు. ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు, తిట్లు మాత్రం ఆ పిల్లకి.

వాసంతి గురువుగారి మాట జవదాటే రకం కాదు. వెలితి తనలోనే ఉందనుకుని ముందుకి జరిగింది. ఇంకా చాలదన్నారు, ఇంకాస్త జరిగింది. అలా నెల్లాళ్ళు, తెల్లవారుజామున లేచి, ఉన్న లయని చేతులారా చెడగొట్టుకుంది. అయిదో వీడియోకి చెయ్యీ గొంతూ అతికినట్టు కుదిరాయి. "అదీ పాటంటే!" అని మాస్టారు తొడ చరిచారు. నేనూ ఆ మెచ్చుకోలులో వాటా తీసుకున్నాను.

సభ ఇంకో వారం ఉందనగా వాసంతి వచ్చి ఎదురుగా కూచుని పాడింది. మధ్యలో నేను లేను. పల్లవి రెండోసారి తిరిగేసరికి మాస్టారి మొహం నల్లబడింది. "ఆపు. తాళం కంటే ముందు పరిగెడతన్నావు. నిన్ను సభలో ఎలా కూచోబెట్టమంటావు? సాయంత్రం వాళ్ళకి పేరు చెప్పాల. ఇంకొకర్ని చూసుకుంటాను" అన్నారు.

వాసంతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరు ముందుకి లాగమంటేనే కదా మాస్టారూ లాగినాను. మొన్న బాగుందన్నారు కూడాను" అని, తన ఫోనులో ఆ అయిదో వీడియో పెట్టింది. దోమ గొంతుతోనే అయినా స్పష్టంగా తెలిసింది, పాట తాళానికి ముందే ఉరుకుతోంది. "నాను విన్నది ఇది కాదు" అని మాస్టారు తన ఫోనులో అదే వీడియో నామీదుగా పెట్టారు. అతికినట్టు కుదిరింది. ఇద్దరూ బిత్తరపోయారు.

కాఫీ గ్లాసులతో వచ్చిన నూకరత్నమ్మగారు నిలబడి తెరకేసి చూశారు. రోజూ సీరియల్ చూసే మనిషి. "అదేటండీ, పెదాలొకచోట మాటొకచోట. డబ్బింగు సీరియల్లో అత్తగారిలాగున్నాది పిల్ల" అన్నారు.

మాస్టారు మొదటిసారి వాసంతి మొహం చూశారు. తెర మీద ఆమె నోరు మూసుకున్నాక కూడా పాట వస్తోంది. ఆయన లేచి, యాంప్లిఫయర్ వెనక చెయ్యి పెట్టి నన్ను పీకేశారు. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు. నన్ను నేలకేసి కొడతారనుకున్నాను. కొట్టలేదు. నన్ను గుప్పిట్లో పట్టుకుని, "దీన్ననేదేటుంది. నలభై ఏళ్ళ చెవి నాది. నీ లయ నానే పాడు చేసినాను తల్లీ, తప్పు నాది" అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకి పావు సెకను కాదు, చాలాసేపు పట్టింది.

సాయంత్రం సభవాళ్ళు ఫోను చేస్తే వాసంతి పేరే చెప్పారు. ఆమె బడివాళ్ళని బతిమాలి సెలవు పెట్టి, వారం రోజులు ఆ ఇంట్లోనే ఉండి పాడింది. నేను సొరుగులో, పాత బ్యాటరీల పక్కన పడుకుని విన్నాను. మొదట్లో తప్పుతూ, తిట్లు తింటూ, ఆరోనాటికి పాట తాళం మీదికి వచ్చి కూచుంది. సభకి నన్నెవరూ పిలవలేదు.

మర్నాడు నూకరత్నమ్మగారు సభలో తన ఫోనుతో తీసిన వీడియో పట్టుకుని సొరుగు లాగారు. "దోమ పాట నాను విన్లేను. దాన్ని తగిలించండి" అన్నారు. మాస్టారు నన్ను అనుమానంగా చూసి, తగిలించి, ఫోనుని బల్లమీద బోర్లా పెట్టారు. కళ్ళు మూసుకున్నారు. వాసంతి గొంతు గదినిండా లేచింది. మాస్టారి చెయ్యి తనంతట తనే తొడమీద తాళం వేసింది, ఒక్క దెబ్బ తప్పలేదు. చూసేవాళ్ళు లేకపోవడం చేత, నేనూ వేళకే వచ్చాను.