బల్ల మీద తడిగుడ్డ

ఓడ వంటాయనకు ఉప్పు మీద కూడా అనుమానమేనని అందరూ ఏడిపించేవారు. అదే ఓడలో చుక్కాని చక్రం పట్టే బావమరిది మరీను. "బావా, నీ నీడనైనా నమ్ముతావా?" అనేవాడు. వంటాయన వాణ్ణి మాత్రం నమ్మేవాడు. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు, తన చేతి ముద్దలు తిని పెరిగినవాడు.

కిందటి రేవులో ఇద్దరు మెకానిక్కులు ఎక్కారు. ఇరవయ్యేళ్లుగా సముద్రం మీదే బతుకుతున్నామన్నారు. మూడోరోజు మధ్యాహ్నం అలలు పెద్దవయ్యాయి. వంటాయన ఎప్పటిలాగే వంటగదిలోని భోజనాల బల్ల మీద తడిగుడ్డ పరిచాడు. దాని మీద పెడితే కంచం జారదు. ఓడెక్కిన వారానికే ఎవరికైనా ఒంటబట్టే సంగతి. ఆ ఇద్దరూ గుడ్డతో చేతులు తుడుచుకుని పక్కకు నెట్టేశారు. కంచాలు జారి కూరంతా ఒళ్లో పడింది. వీళ్లు ఓడ మనుషులు కారని వంటాయన బావమరిదికీ, కెప్టెన్‌కీ చెప్పాడు.

"నేను మాట్లాడి చూశా బావా, మంచివాళ్లే," అన్నాడు బావమరిది. కెప్టెనేమో, "పోయినసారి పిండి దొంగలన్నావు, తీరా చూస్తే ఎలుక," అని నవ్వి పంపేశాడు. నవ్వుకోండి, నవ్వుకోండి. ఓడలోని పద్దెనిమిది మంది ప్రాణాలు మాత్రం నవ్వులాట కాదు, అనుకున్నాడు.

వంటాయన నేరుగా వాళ్ల దగ్గరికే వెళ్లాడు. "బాబూ, కోల్డ్ రూములో ఫ్యాను తిరగట్లేదు, కాస్త చూడండి."

మెకానిక్కులమని చెప్పుకున్నాక కాదనలేరు కదా. చంక దిగని పనిముట్ల పెట్టెతో సహా వచ్చారు. "లోపల చోటు లేదు, పెట్టె ఇక్కడుంచండి. స్క్రూడ్రైవరు నేనిస్తా," అన్నాడు. ఆ తలుపుకు లోపలి గడియ విరిగి నెలైంది. మూసుకుపోకుండా ఉల్లిపాయల బస్తా అడ్డం పెడుతున్నాడు. ఇద్దరూ పెట్టె దించి లోపలికెళ్లగానే బస్తా లాగేసి తాళం వేశాడు.

పెట్టెలో తుపాకులు, వాటి కింద రెండు కాగితాలు. మొదటిది ఓడ యజమానికి. మీ మనుషులు బతకాలంటే ఇంత పంపండని. రెండోదాంట్లో ఎవరి గది ఎక్కడో, ఎవరు ఎప్పుడు పడుకుంటారో ఉంది. దస్తూరి బావమరిదిది. వంటాయన గది పక్కన ఇంకో ముక్క: "ఈయన్ని కొట్టొద్దు. మా బావ."

తుపాకుల్ని కిటికీలోంచి సముద్రంలోకి వదిలేసి, కాగితాలు జేబులో పెట్టుకున్నాడు. అంతలో బావమరిది వచ్చాడు.

"బావా, ఆ ఇద్దరూ కనబడరేంటి?"

వంటాయన కంచం అందుకున్నాడు. "ఫ్యాను బాగుచేస్తున్నారు. నువ్వు కూర్చుని తిను."

వడ్డించాడు. వాడు మాట్లాడుతూనే కంచాన్ని తడిగుడ్డ మీదికి జరుపుకున్నాడు. ఆ అలవాటు నేర్పింది తనే. మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా చూసి, బయటికొచ్చి వంటగదికి గడియ పెట్టాడు వంటాయన. ఆ తర్వాత కెప్టెన్ దగ్గరికి వెళ్లాడు.