కండక్టరమ్మ మెడలో ప్రభువు

అత్తగారు మింగని మార్పంటూ లేదు. చిన్నప్పుడు చర్చిలో ఒక్క ముక్క అర్థంకాని లాటిన్‌లో పూజ వింది. అది పోయి మన భాష వచ్చింది, సరే అంది. పీఠం వైపు తిరిగి పూజ చేసే గురువు జనం వైపు తిరిగాడు, సరే అంది. మోకరించి సత్ప్రసాదం, అంటే ప్రభువు శరీరమైన అప్పం, తీసుకునే పీఠం ముందరి కటకటాలు పీకేసిన రోజు అన్నం మానేసింది కానీ, మర్నాటికి దానికీ సరే అంది. పూజ పాటల్లోకి వచ్చిన గిటార్‌కి సరే అనడానికి మాత్రం కొన్నేళ్ళు పట్టింది.

కానీ గురువు కాని మనిషి సత్ప్రసాదాన్ని చేత్తో ముట్టుకోవడం మాత్రం ఆమెకు ససేమిరా మింగుడుపడలేదు. ఆ మనిషి సొంత కోడలే అయితే ఇక చెప్పేదేముంది!

కోడలు సిటీబస్సులో కండక్టరు. వీధివీధంతా ఆమెను కండక్టరమ్మ అనే పిలుస్తుంది. చుట్టుపక్కల చర్చిలన్నిటికీ ఒక్కడే గురువు మిగలడంతో, మంచం పట్టినవాళ్ళకు సత్ప్రసాదం తీసుకెళ్ళే పని ఫాదర్‌గారు కొందరు విశ్వాసులకు అప్పగించారు. అందులో కండక్టరమ్మ ఒకతె. ఆ కబురు ఇంట్లో చెప్పిన రోజున అత్తగారు ఒకే ఒక్క మాట అంది.

"టిక్కెట్లు చింపే చేత్తో సర్వేశ్వరుణ్ణి పట్టుకుంటావా?"

తర్వాత కొన్నాళ్ళకే ఆమె జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అప్పట్నుంచీ మంచమే. కోడలు తెస్తానంటే వద్దంది, ఫాదర్‌గారు వస్తేనే తీసుకుంటానంది. ఆయనకేమో ఊపిరి సలపదు. వచ్చింది ఒక్కసారి. అయినా ప్రతి ఆదివారం పొద్దున్నే ఆమె తల దువ్వించుకుని, తెల్ల ముసుగు వేసుకుని, పాలు కూడా ముట్టకుండా గుమ్మం వంక చూస్తూ ఉంటుంది. మధ్యాహ్నం దాటాక ముసుగు మడిచి దిండు కింద పెట్టి, "ఇంక పాలియ్యి" అంటుంది. ఆ మాట వినడం కండక్టరమ్మకు ఏ తిట్టు తినడం కన్నా కష్టంగా ఉండేది. ఇంటినిండా ఆకలి పెట్టుకుని వీధిలో వడ్డించి వస్తున్నట్టు ఉండేది.

ఆ ఆదివారం పూజ అయ్యాక, సత్ప్రసాదం ఉన్న చిన్న డబ్బీని గుడ్డసంచిలో పెట్టి మెడలో వేసుకుని, పైవాటాలో ఉండే ముసలి మేస్త్రీ కోసం మెట్లెక్కింది. తాళం వేసుంది. ఆయాసం ఎక్కువై తెల్లవారుజామునే ఆస్పత్రికి తీసుకెళ్ళారని పక్కవాటా ఆవిడ చెప్పింది. సరే, ఇంట్లో ఓ మాట చెప్పి ఆస్పత్రికే పోదామని దిగి వచ్చేసరికి ఇల్లు ఇల్లులా లేదు. స్టవ్ మీద పాలు పొంగి పారుతున్నాయి. మొగుడు మసిగుడ్డ పట్టుకుని మంచం దగ్గర కొయ్యలా నిలబడ్డాడు.

"అమ్మకి పొట్ట చెడింది. నన్ను దగ్గరికి రానివ్వట్లేదు."

"పాలైనా దించొచ్చుగా మహానుభావా!" అంటూ కొంగు దోపింది. అంతే, మిగతాదంతా మర్చిపోయింది. అతన్ని బయటికి పంపింది. పక్కబట్టలు లాగింది, గోరువెచ్చటి నీళ్ళు తెచ్చింది, ఆమెను మెల్లగా పక్కకి ఒత్తిగిలిపెట్టి కడిగింది. అత్తగారు సిగ్గుతో కళ్ళు మూసుకుని గోడవైపు తిరిగే ఉంది. పొడిబట్ట కప్పడానికి కోడలు వంగినప్పుడు ఆమె కళ్ళు తెరిచింది.

"నీ మెళ్ళో ఏంటే అది?"

కండక్టరమ్మ వంగి మెడలోని సంచి చూసుకుంది. ఆ కుళ్ళులో, ఆ వాసనలో, ఇంతసేపూ ప్రభువును మెడలో వేలాడేసుకుని తిరిగింది.

"అయ్యో అత్తయ్యా... మేస్త్రీగారికి తెచ్చాను. ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళిపోయారు. ఇంట్లోకి రాగానే మిమ్మల్ని చూసి... మర్చేపోయాను."

"అంటే ఇందాకట్నుంచీ ఆయన ఇక్కడే ఉన్నాడా?"

"ఉన్నాడు."

"నువ్వు నన్ను కడుగుతున్నంతసేపూ?"

"తప్పయిపోయింది అత్తయ్యా." ఇంక చీవాట్లు మొదలవుతాయని తల వంచుకుంది.

చీవాట్లు రాలేదు. అత్తగారు చాలాసేపు ఆ గుడ్డసంచి వంకే చూసింది. కళ్ళలోంచి నీళ్ళు చెవుల మీదికి జారాయి.

"ఆదివారం ఆదివారం దువ్వుకుని, ముసుగేసుకుని, కడుపు మాడ్చుకుని కూర్చుంటే రాలేదు. ఇవాళ చూడు, ఈ కంపులోకి వచ్చాడు. నీ మెళ్ళో కూర్చుని రావడానికి ఆయనకే లేని నామోషీ నాకెందుకే? ఇయ్యి. నీ చేత్తోనే ఇయ్యి."

కోడలు నోరు తెరిచేలోపే ఆమె మళ్ళీ అడ్డుకుంది.

"ఆగు. అది మేస్త్రీది కదా? పాపం, ఆయన నోటిముందుది నేను లాక్కోను."

"విరిచి ఇస్తాను అత్తయ్యా. సగంలోనైనా పూర్తిగా ఆయనే..."

"నాకు చెప్తున్నావా! నీ మొగుడికి జ్ఞానోపదేశం నేర్పిందెవరనుకున్నావ్? పో, ముందు చేతులు కడుక్కో. సబ్బుతో."

ఇక ఆజ్ఞల మీద ఆజ్ఞలు. కొవ్వొత్తి వెలగాలి. బల్లమీద ఉతికిన తెల్లగుడ్డ పరవాలి. కిటికీ తెరవాలి. కొడుకు మసిగుడ్డ అవతల పారేసి మోకరించాలి. ముసుగు సరిగ్గా ఉందో లేదో అద్దంలో చూపించాలి. అన్నీ అయ్యాక గది సద్దుమణిగింది. కండక్టరమ్మ అప్పాన్ని విరిచి, ఒక సగాన్ని తిరిగి డబ్బీలో పెట్టింది.

"క్రీస్తు శరీరం."

"ఆమెన్" అని అత్తగారు నాలుక చాపింది. చేతిలో పెట్టించుకునే కొత్త పద్ధతికి మాత్రం ఆమె ఇంకా సరే అనలేదు మరి. నలుసు రాలుతుందేమోనని గడ్డం కింద తెల్లగుడ్డ తానే పట్టుకుంది.

అత్తగారు కళ్ళు మూసుకుంది. కండక్టరమ్మకు గుండె తేలికపడింది. ఇంట్లో ఆకలి తీరింది. ఇంక మేస్త్రీ మిగిలాడు. లేచి డబ్బీని సంచిలో పెట్టి మెడలో వేసుకుని, చప్పుడు చేయకుండా గుమ్మం దాకా వెళ్ళింది.

"ఇదిగో అమ్మాయ్."

వెనక్కి తిరిగింది.

"ఆయనకి కృతజ్ఞత చెప్పుకుందామని కళ్ళు మూసుకున్నానా, ఎన్నిసార్లు మొదలెట్టినా మధ్యలో నువ్వే అడ్డొస్తున్నావ్. నువ్వు లేకపోతే ఈ మంచంలో ఏమైపోయేదాన్నో. ఆ మాట నీతో అనకుండా ఆయనతో ఏం మాట్లాడను?" అత్తగారు ముసుగు సర్దుకుంది. "అందుకని అంటున్నాను. చల్లగా ఉండు తల్లీ. ఇంక వెళ్ళు, మేస్త్రీ ఎదురుచూస్తుంటాడు."

బస్సునిండా జనం మీద పడి అరిచినా మాటకు మాట అప్పజెప్పే మనిషి, రెండు చేతులూ గుండెల మీద, ఆ డబ్బీ మీద ఆనించుకుని, ఏడుస్తూనే మెట్లు దిగింది.