మూడోనాటి రక్తం

పాదువా నగరంలో మా కన్యాస్త్రీల మఠానికి వచ్చే శవాలకు చివరి స్నానం చేయించే పని నాకు అప్పగించి, ఆ చలికాలానికి పదకొండేళ్లయింది. అప్పటికి నలభైముగ్గురిని కడిగాను. నలభైనాలుగో ఆమె ఉన్ని వర్తకుడు బొర్తోలో భార్య, ఇజబెత్త.

తమ ఇంటి మెట్ల కింద తల పగిలి పడి ఉంటే ఆమెను మా దగ్గరకు తెచ్చారు. ఎడమ చెవి వెనుక గాయం నెలవంకలా వంపు తిరిగి, రెండు వేళ్ల వెడల్పున ఉంది. మెట్టు అంచు తగిలితే గాయం తిన్నగా ఉండాలి. ఆ సంగతి గమనించాను గాని, నన్నెవరూ అడగలేదు.

ఇంటి పనిమనిషి జనెత్తా పొయ్యి కదిపే చువ్వతో కొట్టి చంపిందని బొర్తోలో ఫిర్యాదు చేశాడు. చూసినవారు లేరు. అలాంటప్పుడు మా న్యాయస్థానాలు శవాన్నే సాక్షిగా పిలిచేవి. హంతకుడు ముట్టుకుంటే శవం రక్తం కారుస్తుందని నమ్మకం. కారితే జనెత్తాను తాడుకు కట్టి, చేతులు వెనక్కి విరిచి పైకి లాగుతారు. ఆ తాడు మీద నేరం ఒప్పుకోనివారిని నేను ఎరుగను. ఒప్పుకున్నాక ఉరి.

మూడోనాటి ఉదయం పొగమంచు స్నానాల గదిలోకి కూడా వచ్చి శవాన్ని ఉంచిన బల్ల చుట్టూ నిలిచింది. న్యాయాధికారి, ఆయన గుమాస్తా, ఒక భటుడు, విశ్వవిద్యాలయంలో వైద్యం చెప్పే ప్రొస్దోచిమో వచ్చారు. బొర్తోలో బయట నడవాలో ఉన్నాడు. అతని చేతికర్ర రాతిపలకల మీద టక్కుటక్కుమంటూ వినిపిస్తోంది.

"ఏం సిస్టరమ్మా, ఈ చలిలో మమ్మల్ని కూడా ఈ బల్ల మీదే పడుకోబెట్టేట్టున్నారే!" అన్నాడు న్యాయాధికారి చేతులు రుద్దుకుంటూ.

"బల్ల ఒకటే ఉందయ్యగారూ. వరసలో రావాలి" అన్నాను.

భటుడు జనెత్తాను ముందుకు నెట్టాడు. ముప్ఫై ఏళ్ల కొండప్రాంతపు మనిషి. రెండు రోజులుగా కట్టి ఉంచిన చేతులు నల్లబడ్డాయి.

"ముట్టుకో" అన్నాడు న్యాయాధికారి.

"రోజూ నేను జడేసిన తలే కదండీ. ముట్టుకోడానికి నాకేం భయం?" అంటూ ఆమె కట్లతోనే ఇజబెత్త నుదుటి మీద చేయి వేసింది.

ముఖం అందరికీ కనిపించాలని భటుడు శవాన్ని భుజం పట్టి ఆమె వైపు తిప్పాడు. ముక్కులోంచి నల్లని సన్నని ధార బయలుదేరి, పెదవి దాటి, గడ్డం దాకా వచ్చి ఆగింది. గుమాస్తా శిలువ గుర్తు వేసుకున్నాడు. జనెత్తా చేయి తీయలేదు.

"నేనేం చేశాను అమ్మగారూ? నన్నెందుకు పట్టిస్తున్నారు?" అని శవాన్నే అడిగింది.

"రాసుకో" అన్నాడు న్యాయాధికారి గుమాస్తాతో. "రక్తం పలికింది. వైద్యులవారు ఏమంటారు?"

ప్రొస్దోచిమో ఒడిలో పాత గ్రంథం తెరిచి ఉంది. "గ్రంథంలోనూ అదే ఉందండి. పోయినవాళ్ల రక్తం గడ్డకడుతుంది. మళ్లీ కారిందంటే హంతకుడి మీద కోపంతోనే" అన్నాడు నేల చూస్తూ. ఆ ఏడాది ఆయన స్వహస్తాలతో శవాలు కోసి చూపుతున్నాడనీ, కోసినచోట కనిపించేదానికీ పుస్తకంలో ఉన్నదానికీ పొసగడం లేదనీ ఊరంతా చెప్పుకుంటున్నారు.

"అయితే నన్నూ కట్టేయండి" అన్నాను.

"ఏంటీ?" అన్నాడు న్యాయాధికారి.

"కడగడానికి పక్కకి తిప్పితే ముప్ఫై మంది నా చేతుల్లో ఇలాగే కార్చారు. వాళ్లందర్నీ నేనే చంపుండాలి. మా పెద్ద మదర్‌గార్ని కూడా. పాపం, ఆవిడ తొంభై ఏళ్లకి జ్వరంతో పోయింది."

"మఠంలో నోరు మూసుకోడం నేర్పరా మీకు?"

"నేర్పుతారండీ. ఒక మనిషిని అన్యాయంగా ఉరి తీస్తుంటే మూసుకోడం మాత్రం నేర్పలేదు." నేను వైద్యుడి వైపు తిరిగాను. "మీరు కోసిన శవాల్లో రక్తం గడ్డకట్టే ఉందా?"

ఆయన తెరిచి ఉన్న గ్రంథం మూశాడు. "కొన్నింట్లో నీళ్లలా ఉంటుంది. హఠాత్తుగా పోయినవాళ్లలో" అన్నాడు.

"మరి ఇందాక అలా చెప్పారేం?"

"ఇందాక పుస్తకం మాట చెప్పాను."

శవాన్ని వెల్లకిలా పడుకోబెట్టి ముఖం తుడిచాను. "మీరే ముట్టుకోండి అయ్యగారూ. మీరైతే చంపలేదు కదా" అన్నాను న్యాయాధికారితో. ఆయన నవ్వుతూనే చేయి చాచి ఆమె పెదవుల పక్కన పెట్టాడు. నేను భుజం ఎత్తి తిప్పాను. ధార వచ్చి ఆయన ఉంగరం మీదుగా పారింది. ఆయన చేయి లాక్కుని, అంగీకి తుడిచి, మళ్లీ తుడిచాడు.

రక్తం సాక్ష్యం కాదని న్యాయాధికారి చెప్పగా గుమాస్తా రాసుకున్నాడు. కట్లు విప్పగానే జనెత్తా గోడకు జారగిలబడి కూర్చుండిపోయింది.

శవాన్ని అప్పగించడానికి బొర్తోలోను పిలిచారు. ఆమె వెల్లకిలా ఉంది. ఎవరి చేయీ ఆమె మీద లేదు. అతను గుమ్మం దాటి, ఆమె పాదాల వైపు మూడడుగుల దూరంలో ఆగాడు.

అప్పుడు గాయం కారింది. రెండు రోజులుగా పొడిగా ఉన్న గాయం. తల కింది గుడ్డ నల్లబడింది. ధార బల్ల మీది గాడిలోకి దిగి, ఆమె పక్కనుంచి, పాదాలు దాటి, నిదానంగా అతని వైపు వచ్చింది. నీళ్లు పోవడానికి ఆ బల్లకు వాలు ఉంది. వాలు అటువైపే ఉంది. అది నాకు తెలుసు. అయినా నేను ఒకడుగు వెనక్కి వేశాను.

"అలా చూస్తారేంటండీ అందరూ?" అన్నాడు బొర్తోలో. "సిస్టరమ్మగారే తేల్చారుగా. బయటికి అంతా వినపడింది. రక్తానిదేముంది, కారుతుంది."

న్యాయాధికారి నా వైపు చూశాడు. నేను ఒక్క మాట వెనక్కి తీసుకుంటే చాలు, ఆ రక్తం మళ్లీ సాక్షి అవుతుంది. ఇవాళ ఇతని మీద, రేపు ఇంకొక జనెత్తా మీద.

"నిజమే. రక్తం సాక్ష్యం కాదు" అన్నాను.

అతను తల వంచి నమస్కరించాడు.

"గాయం సంగతే ఇంకా ఎవరూ అడగలేదు. మీ కర్ర ఒకసారి ఇలా ఇవ్వండి."

అతను ఇవ్వలేదు. భటుడు లాక్కున్నాడు. పిడి కంచుది, ఉన్ని వర్తకుడికి తగినట్టు పొట్టేలు కొమ్ములా వంపు తిరిగి ఉంది. ప్రొస్దోచిమో లేచాడు. ఒడిలోని గ్రంథం తడినేల మీద పడింది. ఆయన దాన్ని తీయలేదు. పిడిని గాయం మీద ఆనించి, కొద్దిగా జరిపాడు. తాళంలో చెవి కూర్చున్నట్టు కూర్చుంది.

"ముద్దాయి పేరు మార్చి రాయి" అన్నాడు న్యాయాధికారి.

"తాడుకు కట్టే సంగతండీ?" అన్నాడు గుమాస్తా.

"అదలాగే ఉండనీ."

తాడు తీసేయమని ఆనాడు నేను అడగలేదు. అడగవలసింది.

పిడిని సరిచూడడానికి మేము ఆమె తలను రెండు వైపులకూ తిప్పాము, భుజాలు ఎత్తాము. నేను చెప్పినదాని ప్రకారం మళ్లీ కారాలి. ఒక్క చుక్క రాలేదు. ఉన్నది కారిపోయిందని వైద్యుడు అన్నాడు. ఆ తరువాత ఈ ముసలితనం దాకా రెండువందల మందికి పైగా కడిగాను. అంతసేపు కారి, అలా ఒక్కసారిగా ఆగిన శవాన్ని మళ్లీ చూడలేదు.

అందరూ వెళ్లాక జనెత్తా లేచి వచ్చి, వంకరపోయిన వేళ్లతో ఇజబెత్తకు జడ వేయసాగింది.

"ఇంక కారదా అమ్మా?"

"కారదు."

"ఎందుకని?"

"అయిపోయిందట" అన్నాను. అది వైద్యుడి మాట.