కిటికీ కింద తడి

గిన్నెలు కడిగిన నీళ్ళు కిటికీలోంచి బయటికి గుమ్మరించి, అక్క మళ్ళీ బేసిన్ నింపుకుంది. వంటగది తూము పూడిపోయి చాలా ఏళ్ళయింది. మేస్త్రిపని చేసే తమ్ముడు పెళ్ళయి వేరు వెళ్ళేటప్పుడు, "రెండ్రోజుల్లో వచ్చి బాగుచేస్తాలే" అన్నాడు. అందాకేగా అని ఆమె కిటికీలోంచి పారబోయడం మొదలుపెట్టింది.

సబ్బు ఆమె చేతులకు పడదు. బూడిదతో తోముతుంది. కడిగిన నీళ్ళతో పాటు నాలుగు మెతుకులూ కింద పడేవి. మొదట గరిక లేచింది. తర్వాత ఎవరూ నాటని టమాటా మొక్క. ఆ తర్వాత పిచ్చుకలు. రోజంతా కుట్టుమిషన్ ముందు ఒక్కతే కూర్చునే అక్కకు, గిన్నెల చప్పుడు వినగానే ప్రహరీ మీద వాలే ఆ పిచ్చుకలదే పలకరింపు.

వంటగది గోడ బీట తీసిందని పక్కింటావిడ ఫోన్ చేస్తే గాని తమ్ముడు రాలేదు. గోడ మొదట్లో గునపం దించి చూశాడు. వెన్నలో దిగినట్టు దిగింది.

"గిన్నెలు కడిగావా, చెరువు తవ్వావా అక్కా? పునాది నానిపోయింది. ఇంకో పెద్ద వానొస్తే గోడ నీ నెత్తినే కూర్చునేది."

"రోజుకి రెండు బేసిన్లేగా రా."

"రెండే. ఎన్నేళ్ళు పోశావు?"

అక్క బేసిన్ తీసి పక్కన బోర్లించింది.

"ఈ గడ్డంతా పీకి, గోడ పొడుగునా సిమెంటు వేసేస్తా. తూమూ బాగుచేస్తా. ఇక ఒక్క చుక్క ఇటు పడకూడదు."

"కాస్త మట్టి వదలరా. పిచ్చుకలొస్తాయి."

"నీకు గోడ కావాలా, పిచ్చుకలు కావాలా?"

"ఇన్నాళ్ళూ గోడకే చెప్పుకున్నాను. అవైతే తిరిగి అరుస్తాయి."

తమ్ముడు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

మధ్యాహ్నానికి కిటికీ కింద పచ్చదనం పోయి, బూడిదరంగు గచ్చు మిగిలింది. తమ్ముడు తూములో బిందెడు నీళ్ళు పోశాడు. గుడగుడమని జారిపోయాయి.

"చూశావా! పూట పని!" అన్నాడు గొప్పగా.

అక్క కిటికీలోంచి చూస్తోంది. రెండు పిచ్చుకలు ప్రహరీ మీద వాలి, కిందికి తొంగిచూసి, ఎగిరిపోయాయి.

"పూట పనే" అంది ఆమె. "అప్పుడే వచ్చి చేసుంటే గోడా బీట తీసేది కాదు, ఆ పిచ్చుకలూ వచ్చేవి కావు. నువ్వు రాలేదు కాబట్టే అవి వచ్చాయి రా."

కోపంగా అనలేదు. తువ్వాలు అందించి, అన్నం పెడతానని కంచం కడగబోయింది. తమ్ముడు చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. తాపీ సంచిలో పడేసుకుని, చెప్పులు తొడుక్కుని, అన్నానికి కూర్చోకుండానే గడప దాటాడు.